వరలలో కలువలు, ఆకుల మీద జల్లెడ

జూన్ 14

మృగశిర కార్తె వచ్చి వారం కావస్తున్నా బుచ్చిరెడ్డిపాలెంలో ఎండ ఇంకా రోహిణి ఎండలాగే ఉంది. ఇంటి వెనక కలువలు పెంచాలన్న కోరిక ఇన్నాళ్లకు పనిలోకి దిగింది. తొట్ల కోసం బావులకు దించే సిమెంటు వరలు తెప్పించాను. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నవి ఆరు. రెండేసి ఒకదాని మీద ఒకటి నిలిపి, అడుగున కాంక్రీటు పోయించి, అతుకుల్లో సిమెంటు పట్టించాం. నిండా పోస్తే ఒక్కోదానిలో సుమారు 400 లీటర్ల నీళ్లు పడతాయి. ఉదయం నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు అక్కడ ఎండ ఉంటుంది. కలువకు రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే ఆకులు వేస్తుంది గానీ పూయదు.

కొత్త సిమెంటులో వెంటనే మొక్క పెట్టకూడదు. సున్నం నీళ్లలోకి దిగుతుంది. తొలిసారి నింపిన నీళ్లలో చేయి పెడితే వేళ్లకు సబ్బు నీళ్లలా జారుడుగా తగిలాయి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టి, నాలుగు రోజులకోసారి నీళ్లు పారబోసి మళ్లీ నింపుతున్నాను.

జూలై 2

నాలుగు సార్లు నీళ్లు మార్చాక జారుడు పోయింది. నాటడం పూర్తయింది.

కనిగిరి రిజర్వాయరు కింది కాలువ నుంచి నీలి కలువ, చెంగలువ దుంపలు తెచ్చాను. మూడో వరలో తామర, నర్సరీలో కొన్న దుంప. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బుల్లో చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు అడుగున కొద్దిగా, పైన అంగుళం మందాన ఇసుక. పచ్చి పేడ వేస్తే నీళ్లు కుళ్లుతాయి. ఇసుక లేకపోతే చేపలు మట్టిని కెలికి నీటిని బురద చేస్తాయి. దోమల కోసం ఒక్కో వరలో గప్పీ అనే చిన్న చేపలు పది వదిలాను.

కాలువ మొక్కలకు ఉన్న ఆకులు అలాగే ఉంచి నాటాను. అంత పచ్చగా ఉన్న ఆకులు తుంచబుద్ధి కాలేదు.

జూలై 29

నీలి కలువ మొదటి పువ్వు. ఉదయం ఎనిమిదింటికి విచ్చుకుంది, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంది. మూడు రోజులు ఇలాగే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండి నీళ్లలోకి ఒరిగిపోతుంది. చెంగలువ రాత్రి పూసేది. దానికి మొగ్గ కనిపిస్తోంది.

ఆగస్టు 9

అత్తయ్య తెల్లవారుజామునే పిలిచారు. "అమ్మాయీ, ఆకు జల్లెడ అయిపోయింది, చూశావా?"

నీలి కలువకు తొమ్మిది ఆకులుంటే ఐదింటి మీద వంకర టింకర గీతలు. కొన్ని గోధుమ రంగుకు తిరిగాయి, కొన్ని చోట్ల ఆకు తెగి అవతలి నీళ్లు కనిపిస్తున్నాయి. చెంగలువకు రెండు ఆకులు పోయాయి. తామర జోలికి ఏదీ వచ్చినట్లు లేదు.

నిందితుడు చేతికి దొరికాడనుకున్నాను. రాత్రి పెరటి దీపం కింద బొటనవేలి గోరంత నల్లటి పెంకుపురుగులు రెండు నేల మీద గిరగిరా కొట్టుకుంటుంటే తీసి పారేశాను. ఉదయం చూస్తే అలాంటిదే ఒకటి వరలో, చెంగలువ కాడ పట్టుకుని ఉంది. నీళ్లలో ఉండే పెంకుపురుగు, నీళ్లలో ఉండే మొక్క, మధ్యలో చిల్లులు పడ్డ ఆకు. ఇంకేం కావాలి అనిపించింది.

ఆగస్టు 12

ఈ రోజు రాయడానికి చేయి రావడం లేదు. అయినా జరిగింది జరిగినట్లు రాయాలి.

మందుల దుకాణంలో అడిగితే, "పెంకుపురుగులకైతే ఇది తిరుగులేదు మేడం, లీటరుకు ఒక మిల్లీ కలిపి కొట్టండి" అని సైపర్‌మెత్రిన్ సీసా ఇచ్చారు. చేపలున్నాయని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. సాయంత్రం ఐదింటికి నీలి కలువ వరలో ఆకులన్నీ తడిసేలా కొట్టాను. ఆరున్నరకల్లా గప్పీలు పైకి వచ్చి ఒక పక్కకు ఒరిగి తిరగడం మొదలుపెట్టాయి. ఎనిమిదింటికి పదీ చచ్చిపోయాయి. నల్ల పెంకుపురుగు వెల్లకిలా తేలింది. నీళ్లలో ఇన్నాళ్లుగా గమనించని చిన్న చిన్న ప్రాణులు ఎన్నో పైకి తేలాయి.

సీసా మీద కాగితం రాత్రి చదివాను. చేపలకు ప్రమాదకరమని చిన్న అక్షరాల్లో ఉంది. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ రకం పురుగుమందులన్నీ అంతే. మనుషులకు, పశువులకు చేసే హానితో పోలిస్తే చేపలకు ఎన్నో రెట్లు ఎక్కువ హాని చేస్తాయి. పొలంలో కొట్టే మందును నీటి తొట్టిలో కొట్టడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే.

ఆగస్టు 16

వర ఖాళీ చేశాను. ఆ నీళ్లు కాలువలోకి పోకుండా పెరటి మూల గుంట తీసి ఇంకించాను. ఈ మందు నీళ్లలో కరిగి ఉండడం కంటే మట్టిని పట్టుకోవడమే ఎక్కువ. అందుకని టబ్బు పైమట్టి, ఇసుక కూడా తీసేసి కొత్తవి వేశాను. దుంప బతికే ఉంది, లోపల లేత ఆకు చుట్ట కనిపిస్తోంది.

ఆగస్టు 24

గప్పీలు లేని వరలో ఇప్పుడు దోమ పిల్లలు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. మిగతా రెండు వరల్లో ఒక్కటీ లేదు.

ఆగస్టు 31

కొత్తగా వచ్చిన ఆకుల మీద మళ్లీ గీతలు. మందు కొట్టి మూడు వారాలు కాలేదు. పెంకుపురుగు మాత్రం వరలో ఒక్కటీ లేదు.

అప్పుడు గానీ ఆకును దగ్గరగా చూడాలని తోచలేదు. ఒక ఆకు కోసి తెల్ల పళ్లెంలో పెట్టి, మా అబ్బాయి స్కూలు భూతద్దంతో అరగంట కూర్చున్నాను. గీత చివర బియ్యపు గింజ కంటే చిన్న నల్లటి పురుగు ఉంది. మెత్తని ఒళ్లు, ముందు వైపు మూడు జతల కాళ్లు, ఒంటి మీద మడత మడతకు చిన్న గట్టి పలకలు. తల దించి ఆకు పై పొరను గోకుతూ, ఒక అడుగు ముందుకు జరిగి మళ్లీ గోకుతూ పోతోంది. అది తిన్నంత మేర ఆకు పచ్చదనం పోయి, అడుగున పలుచటి తెల్ల పొర మాత్రం మిగులుతోంది. దీపం ముందు పెడితే ఆ పొరలోంచి వెలుగు కనిపించింది. ఆకు ఒక్కసారిగా చిల్లు పడదు. ముందు కాలువలా తవ్వుతుంది, ఆ పలుచని పొర నీటికి కుళ్లి రెండు మూడు రోజులకు ఊడిపోతుంది. నేను చిల్లు చూసేసరికి పురుగు ఇంకో చోటికి వెళ్లిపోయి ఉంటుంది.

ఆకు మీద ఇంకా వెతికితే మొత్తం కుటుంబమే దొరికింది. ఒక అంచున పదీ పన్నెండు పసుపు రంగు గుడ్లు ఒకదాని పక్కన ఒకటి అంటించినట్లున్నాయి. మధ్య ఈనె దగ్గర నల్లగా నిగనిగలాడే ప్యూపాలు (పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే దశ) రెండు, ఆకుకే అతుక్కుని. ఇంకో ఆకు మడతలో పెద్ద పురుగు. అదీ పెంకుపురుగే, కానీ పొడవు అర సెంటీమీటరు మించదు. మట్టి రంగు వీపు, దాని మీద సన్నని నూగు. నీళ్లలో ముంచితే మునగలేదు. నూగుకు పట్టిన గాలి దాన్ని పైకి తోసేసింది.

గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా దీని బతుకంతా ఆకు పై భాగం మీదే. నీళ్లలో ఉండేది కాదు, నీటి మీద తేలే ఆకు మీద ఉండేది. ఇది క్రైసోమెలిడే అనే ఆకు పెంకుపురుగుల కుటుంబానిది. వంకాయ ఆకుల్ని జల్లెడ చేసే ఎపిలాక్నా పురుగును చూసినవాళ్లకు ఈ గోకుడు కొత్తగా అనిపించదు, అది వేరే కుటుంబానిదైనా. ఉత్తరాదిన చెరువుల్లో సింగాడా పంటను పాడుచేసే గెలరుసెల్లా పెంకుపురుగు, యూరప్, అమెరికాల్లో కలువల మీద పడే దాని దాయాది, రెండూ ఈ క్రైసోమెలిడేలోవే. వాటి జీవితం కూడా ఇలాగే ఆకు మీదే గడుస్తుంది.

నా వరలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. తుంచబుద్ధి కాక ఉంచిన ఆ కాలువ ఆకులు.

సెప్టెంబరు 3

మరి దీపం కింద పడ్డ ఆ నల్ల పెంకుపురుగుల సంగతి? వాటికి నేను అన్యాయం చేశాను కాబట్టి తేల్చుకోవాలనిపించింది.

మొన్న రాత్రి రెండు దొరికాయి. రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి, చెరో పీచు మొక్క వేసి విడివిడిగా వదిలాను. ఎదురుగా కూర్చుని చూస్తే పైకి నల్లగా ఒకేలా ఉన్న ఈ రెండూ వేర్వేరు రకాలు. మొదటిది గాలి కోసం పైకి వచ్చినప్పుడు తల కిందికి పెట్టి, వెనక భాగం నీటి పైకి తేల్చింది. రెక్కల కింద గాలి నింపుకుని, వెనక కాళ్లు రెండూ ఒకేసారి తెడ్లలా వేస్తూ లోపలికి దూసుకుపోయింది. ఇది డైటిసిడే కుటుంబం, ఈదుతూ వేటాడేది. దోమ పిల్లలు నాలుగు వేస్తే పది నిమిషాల్లో మిగల్లేదు.

రెండోది పైకి వచ్చినప్పుడు తలే ముందు పెట్టింది. మీసం పక్కగా గాలిని లోపలికి లాగి పొట్ట కింద పరుచుకుంది. కింది నుంచి చూస్తే దాని పొట్ట వెండి రేకు తొడిగినట్లు మెరుస్తోంది. కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి, నడిచినట్లుగా వేస్తోంది. ఇది హైడ్రోఫిలిడే. పెద్దయ్యాక ఎక్కువగా కుళ్లిన ఆకులు, పాచి తింటుంది. సీసాలో వేసిన పచ్చి ఆకును రెండు రోజులైనా ముట్టలేదు, పండి మెత్తబడ్డ ముక్కను మాత్రం అంచు నుంచి తింది.

ఎవరైనా వరలో నల్ల పెంకుపురుగు కనిపించిందని అడిగితే ఇక ఇదే చెబుతాను. అది ఊపిరికి పైకి వచ్చేదాకా ఆగి చూడండి. తోక పైకి వస్తే వేటగాడు, తల పైకి వస్తే చెత్త ఊడ్చేది. కలువ ఆకును తినేది ఊపిరి కోసం పైకి రానే రాదు, ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఒక్క మాట మాత్రం ఉంది. డైటిసిడే పిల్ల పురుగులు చిన్న చేపల్ని కూడా పట్టేస్తాయి. కొడవలి లాంటి దవడలను గుచ్చి, రసాన్ని లోపలికి ఎక్కించి, కరిగినదాన్ని పీల్చేస్తాయి. గప్పీ పిల్లలు ముఖ్యమనుకునేవాళ్లు వాటిని తీసి కాలువలో వదలవచ్చు. చంపనక్కర్లేదు.

ఇవి దీపానికి మాత్రమే రావు. నీటి మీద పడి వెనక్కి తిరిగే వెలుగు ఎక్కువగా అడ్డంగా, ఒకే దిశలో కంపిస్తుంది, దాన్ని చూసి నీళ్లను గుర్తుపడతాయి. అలాంటి వెలుగే నిగనిగలాడే కారు పైకప్పు, నల్ల ప్లాస్టిక్ పట్టా, సోలార్ పలకల మీంచి కూడా వెనక్కి వస్తుంది. మా పక్కింటి డాబా మీద సోలార్ పలకల కింద తెల్లవారి చచ్చి పడి ఉండే నల్ల పురుగులు ఎందుకు వస్తున్నాయో ఇప్పుడు అర్థమైంది.

సెప్టెంబరు 6

దారి అనుకోకుండా దొరికింది. చెంగలువ వరలో నీళ్లు తగ్గితే గొట్టం పెట్టి వేరే పనిలో పడ్డాను. అంచుదాకా నిండింది. కాడలు పొట్టిగా ఉన్న రెండు లేత ఆకులు నీటి కింద ఉండిపోయాయి. గంటకు వెళ్లి చూస్తే నీటి మీద నల్లటి నలుసులు తేలుతున్నాయి, గప్పీలు గుంపుగా చేరి వాటిని లాగేస్తున్నాయి. ఆ ఆకుల మీద ఒక్క పురుగూ లేదు.

కాడ కూడా ఊరుకోలేదు. మర్నాటికి ఆకు నీటి మట్టానికి వచ్చేసింది. కలువకు ఇది సహజం, నీళ్లు పెరిగితే కాడ సాగుతుంది.

సెప్టెంబరు 8

మునక మొదలు. వెదురు బద్ద వంచి వర లోపలి కొలతకు చక్రం కట్టి, పాత దోమతెర గుడ్డ బిగించాను. కాడలు మెలికపడకుండా ఆకుల్ని విప్పి, చక్రాన్ని వాటి మీద పెట్టి, నాలుగు వైపులా రాళ్లతో నీటి కిందికి నాలుగు వేళ్ల లోతుకు అణిచాను. మొగ్గల దగ్గర గుడ్డను చీల్చి దారి వదిలాను.

మొదటిసారి తప్పు ఎక్కడ జరిగిందంటే, తెర కంతలు మరీ చిన్నవి. తేలిన పురుగులు తెర కిందే చిక్కుకున్నాయి, గప్పీలకూ అందలేదు. సాయంత్రం దాన్ని తీసి, కూరగాయలకు కట్టే వెడల్పు కంతల వల వేశాను. అది పనిచేసింది.

నీలి కలువ వరలో మళ్లీ ఎనిమిది గప్పీలు వదిలాను. పాత చేపలు చచ్చిన వరలోకి వీటిని వదలడానికి ముందు రెండు చేపల్ని మూడు రోజులు ఆ నీళ్లున్న బకెట్లో ఉంచి, బతికాయని చూసుకున్నాకే.

సెప్టెంబరు 10

రెండు రాత్రులు ముంచి తీశాను. నీలి కలువ మీద ముందు లెక్కపెట్టిన పురుగులు 31, ఇప్పుడు 4. ఆకులు కొంచెం నీరసపడ్డాయి కానీ పాడవలేదు.

మునకకు లొంగనివి రెండు. గుడ్లు ఆకుకు గట్టిగా అంటుకుని ఉంటాయి కాబట్టి బొటనవేలితో రుద్ది తీయాల్సిందే, ఉదయం కాఫీ తాగుతూ ఆ పని అత్తయ్య చేస్తున్నారు. ఆవిడ కళ్లకు అద్దాలున్నా గుడ్ల గుంపు నాకంటే ముందు ఆవిడకే కనిపిస్తుంది. ప్యూపాలున్న ఆకును కాడతో సహా కోసి సబ్బు నీళ్ల బకెట్లో ముంచుతున్నాను. కోసిన ఆకును వర పక్కనే పడేస్తే మళ్లీ మొదటికొస్తుంది, రెక్కలొచ్చిన పురుగు పక్క వరలోకి ఎగిరిపోతుంది.

సెప్టెంబరు 24

రెండో మునక 15న, మూడోది 22న. ఒక్కసారితో ఎందుకు సరిపోదంటే, మన వేలికి తగలని గుడ్లు నాలుగైదు రోజుల్లో పిల్లలవుతాయి. వాటికి ప్యూపా అయ్యేంత గడువు ఇవ్వకుండా మళ్లీ ముంచాలి. అందుకే వారానికోసారి, మూడు వారాలు.

ఈ రోజు లెక్క: నీలి కలువ 12 ఆకులు, గీతలున్నవి 2. చెంగలువ 7 ఆకులు, 1. చెంగలువ నిన్న రాత్రి రెండు పూలు పూసింది. ఉదయం తొమ్మిదింటి దాకా తెరిచే ఉన్నాయి.

అక్టోబరు 5

కాలువ దగ్గరికి వెళ్లాను. ఈ పురుగు అక్కడ ఎలా ఉందో చూడాలని.

ఉంది. ప్రతి నాలుగైదు ఆకుల్లో ఒకదాని మీద గీతలున్నాయి. కానీ ఏ మొక్కా పూర్తిగా చెడలేదు. కారణాలు కళ్లముందే కనిపించాయి. నీరు పారుతూ ఉంటుంది, గాలికి ఆకుల అంచులు లేచి మునుగుతుంటాయి, పశువులు దిగితే మొక్క మొత్తం మునిగి లేస్తుంది. పొడవాటి వేళ్లతో ఆకుల మీద నడిచే ఒక పక్షి ఆగి ఆగి ఆకుల్ని పొడుస్తోంది. మా పెరట్లో గోడ చాటున, గాలి ఆడని వరలో పురుగుకు ఇవేవీ ఎదురు కాలేదు. నేను వలతో చేస్తున్నది కాలువలో గేదెలు చేస్తున్న పనే.

అక్కడే గట్టు వెంట గుర్రపుడెక్క మందంగా పెరిగింది. దాని ఆకుల మీద కూడా చిన్న చిన్న గోకుడు మచ్చలు, వేలి గోటితో చెక్కినట్లు. అది ఇంకో పెంకుపురుగు, నియోకెటినా అనే ముక్కుపురుగు చేసే పని. గుర్రపుడెక్కను అదుపు చేయడం కోసమే 1980ల తొలి ఏళ్లలో దాన్ని బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి, నీళ్లలోకి వదిలారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కకు ఆ ఖండం పురుగే సరైన జవాబు. ఒక పెంకుపురుగు ఆకును గోకితే నేను రెండు నెలలు నిద్రపోలేదు. ఇంకోటి అలాగే గోకుతుందనే దాన్ని సముద్రాలు దాటించి తెచ్చుకున్నారు. గట్టు మీద చాలాసేపు కూర్చుని ఆ రెండు రకాల మచ్చల్నీ చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు తెల్ల కలువ దుంప ఒకటి తెచ్చాను. ఈసారి ఆకులన్నీ అక్కడే తుంచేశాను. దుంపను కాలువ నీళ్లలో రుద్ది కడిగి, ఇంట్లో విడి బకెట్లో ఉంచాను. మూడు వారాలు అక్కడే.

అక్టోబరు 22

ఈశాన్య రుతుపవనాలు వచ్చాయి. రెండు రోజులుగా కుండపోత. వరలు పొంగి గప్పీలు కొట్టుకుపోకుండా అంచుకు ఒక అంగుళం కింద చిల్లు పెట్టి గొట్టం బిగించి, దాని మూతికి వల కట్టాను. ఈ పని జూన్‌లోనే చేయాల్సింది. వాన దెబ్బకు ఆకులు కొట్టుకుంటూ మునుగుతున్నాయి. ఈ వారం మునక వేయలేదు.

తామర ఆకు చివరన చంద్రవంక ఆకారంలో ముక్క కోసినట్లుంది. కోసిన ముక్క నీటి మీద తేలుతూ, దాని కింద ఇంకో ముక్క అతికించి మధ్యలో గొంగళి పురుగు దాక్కుని ఉంది. ఇది చిమ్మట జాతి పిల్ల. గీతలుంటే పెంకుపురుగు, ముక్క కోసినట్లుంటే చిమ్మట. దీన్ని చేత్తో తీసేస్తే చాలు.

నవంబరు 9

వానలు తెరిపి ఇచ్చాయి. నీలి కలువ 14 ఆకులు, గీతలున్నవి 1, పురుగులు 2. తీసేశాను. తెల్ల కలువ బకెట్లో మూడు కొత్త ఆకులు వేసింది, మూడూ శుభ్రంగా ఉన్నాయి, రేపు చెంగలువ పక్కన నాటుతాను. ఎండిన ఆకుల్లో, గట్టు గడ్డిలో పెద్ద పురుగులు దాక్కుంటాయని వరల చుట్టూ రెండడుగుల మేర గడ్డి చెక్కి, పాత ఆకులన్నీ ఏరి పూడ్చాను.

పెరటి దీపాన్ని వరల మీద నుంచి గేటు దగ్గరికి మార్చాం. అయినా నిన్న రాత్రి ఒక డైటిసిడే పెంకుపురుగు నీలి కలువ వరలోకి వచ్చి చేరింది. ఉదయం అత్తయ్య వర అంచు మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు.

"తోక పైకి పెట్టింది, అమ్మాయీ. ఉండనిద్దామా?"

"ఉండనివ్వండి అత్తయ్యా."

దోమ పిల్లలు ఈ వరలో లేవు. గప్పీ పిల్లలు ఆరు ఉన్నాయి. వాటిని రేపు చెంగలువ వరలోకి మార్చాలి.